రాతిమీద వ్రాయని మాటలు

ఏటేట దసరా సెలవులకో సంక్రాంతి సెలవులకో విద్యార్థులను చరిత్రప్రసిద్ధములైన స్థలములకును, ప్రదర్శనశాలలకును తీసికొనిపోవుట మన పాఠశాలలలో చిరకాలముగా నున్న యాచారము. ఆచారము మంచిదే. కాని తిరిగివచ్చిన పిల్లలు వ్రాసి తెచ్చు యాత్రావ్యాసములను చదివినప్పుడెల్ల మాకొక కొరత కనబడుచుండును. కోటగోడ యెత్తెంత, గుడి నెవరు కట్టించిరి, ఏ సంవత్సరమున కట్టించిరి, ఇవియన్నియు నచ్చటి పలకమీద నెట్లున్నవో యట్లే కాగితముమీదికి దిగును. పలక చెప్పని దానినిగూర్చి యొక్క వాక్యమైన నుండదు. ఆ పలక నెవరు వ్రాయించిరి, ఎప్పుడు వ్రాయించిరి, ఏమి విడిచిపెట్టిరి అను ప్రశ్నయే వారికి తట్టదు. ఇది పిల్లల తప్పు కాదు. పెద్దలమైన మేమును చాలకాల మట్లే చూచితిమి. మా కన్నులు తెరపించినది మన దేశమందలి కోట కాదు. అమెరికా సంయుక్తరాష్ట్రముల దక్షిణభాగమున, మిసిసిపీ నదియొడ్డున నున్న మెంఫిసు పట్టణము.

ప్రాచీనత కోరి పోవువారి కా పట్టణము తగదు. అది 1819వ సంవత్సరమున ఏర్పడినది. అప్పటికి గోదావరియొడ్డున మన రాజమహేంద్రవరము అనేక శతాబ్దములు చూచియుండెను. నైలునదీతీరమున ఐగుప్తీయుల ప్రాచీన రాజధాని యొకటి కలదు గావున, దాని పేరే యీ క్రొత్త ఊరికిని పెట్టిరి. ఊరు ఎత్తైన గట్టుమీద నున్నది; క్రింద మట్టిరంగు నీటితో మహానది పోవుచుండును. వరదకాలమున గోదావరిని చూచినవారికి ఆ రంగు క్రొత్త కాదు. నదిలోని మట్టిదిబ్బమీద ఆ నదియొక్క నమూనా నొకదానిని సిమెంటుతో కట్టి 1982లో ప్రజలకు తెరచిరి. అందు ముప్పది అంగుళములు మైలునకు సమానము. నడచువాడు అడుగు తీసి అడుగు వేయునప్పటికి నిజమైన నదిలో మైలు దూరము గడచిపోవును. వంపులు, ఊళ్లు, ఉపనదులు అన్నియు పాదములక్రింద నుండును. భూగోళశాస్త్రము నింతకంటె సులభముగా నేర్పు సాధనమును మేమింతవరకు చూడలేదు.

ఆ గట్టుక్రిందనే, నదిని ఆనుకొని, టామ్ లీ ఉద్యానవనమున్నది. మేము చెప్పదలచిన కథ యచ్చట మొదలగును.

1925వ సంవత్సరము మే నెల 8వ తేదీన, ఇంజనీర్లును వారి కుటుంబములవారును విహారార్థము ఎక్కిన ‘ఎం. ఈ. నార్మన్’ అను పొగయోడ మెంఫిసునకు దిగువను నదిలో ఒక్కసారిగా ఒరిగి తలక్రిందయ్యెను. టామ్ లీ యను నల్లజాతి పనివాడు చిన్న మరపడవలో ఒంటరిగా ఊరికి తిరిగివచ్చుచు దానిని చూచెను. అతనికి ఈత రాదు. అయినను పడవ నటు త్రిప్పి, మునుగుచున్నవారిని ఒక్కొక్కరినే పైకి లాగి, ఇసుకదిబ్బమీద దింపి, మరల పోయి, మరల తెచ్చి, 32 మంది ప్రాణములు కాపాడెను. ఇరువదిముగ్గురు మరణించిరి. ఊరంతయు అతని నభినందించెను. వాషింగ్టనుకు పోయి అధ్యక్షుడు కూలిడ్జిని దర్శించివచ్చెను. ఇంజనీర్ల సంఘమువారు చందాలెత్తి ఇల్లు కొనియిచ్చిరి. నగరమువా రుద్యోగ మిచ్చిరి. ఏ ఉద్యోగమనుకొందురు? వీథులలో చెత్త యెత్తు పని. 32 మందిని నదినుండి యెత్తినవాడు 1948వరకు ఇండ్లముందరి చెత్త యెత్తి, విరమించి, 1952లో చనిపోయెను.

1954లో నగరమువారతని పేర నొక శిలాస్తంభమును నిలిపిరి. దానిమీద అతడు ‘మిక్కిలి యోగ్యుడైన నీగ్రో’ యని చెక్కించిరి. చెక్కించినవారు సదుద్దేశముతోనే చెక్కించిరని మేము నమ్ముచున్నాము. వారి దృష్టిలో నది గొప్ప మెప్పు. కాని చదువరులారా, ఆ మాటలను రెండుమారులు చదివిచూడుడు. నీట దూకి పరుల ప్రాణములు కాచిన తెల్లవానినిగూర్చి ‘మిక్కిలి యోగ్యుడైన తెల్లవాడు’ అని యెవరైన రాతిమీద చెక్కింతురా? మన పల్లెలలో ‘ఫలాన కులమువాడే గాని మంచివాడు’ అను మాట మనమందరము విన్నదే. విన్నామనుట చాలదు, మనలో కొందర మన్నదే. ఆ ‘గాని’యే యీ రాతిమీద ‘యోగ్యుడు’ అను వేషము వేసికొని నిలిచినది. 2006లో అదే వనమున వేరొక విగ్రహమును ప్రతిష్ఠించిరి. అందు టామ్ లీ పడవలో వంగి నీటిలోనివానికి చేయి చాచుచున్నాడు. ఆ కంచుబొమ్మ అతని యోగ్యతనుగూర్చి తీర్పు చెప్పదు. అతడు చేసినపనిని మాత్రము చూపును. యాభై రెండేండ్లలో ఊరు ఎంత దూరము నడచినదో తెలిసికొనుటకు, ఈ రెంటిని ప్రక్కప్రక్కన తలచుకొనుటకంటె మంచి పాఠము మరియొకటి లేదు. మొదటి రాతిని పగులగొట్టి పారవేయవలెనని కొందరు చెప్పుదురు. మేము వారితో నేకీభవింపము. తప్పు మాటయు సాక్ష్యమే. దాని ప్రక్కన సరియైన మాట నిలిచిన చాలును.

అట్లని నిలిచిన ప్రతిదానిని నిలువనీయవలెనని మా యభిప్రాయము కాదు. ఇందునకు తార్కాణము అదే ఊరిలో నున్నది. నేథన్ బెడ్‌ఫర్డ్ ఫారెస్టు అనునతడు 1850 తరువాతి సంవత్సరములలో మెంఫిసున ఆడమ్స్ వీథిలో మనుష్యులను కొని అమ్ము బజారు నడపి ధనవంతుడయ్యెను. అంతర్యుద్ధమున దక్షిణపక్షపు సేనాని యయ్యెను. యుద్ధానంతరము కూక్లక్స్ క్లాన్ అను రహస్యసంఘమునకు తొలి పెద్ద యయ్యెను. 1905లో ఊరివా రతని గుఱ్ఱపు విగ్రహమును ఉద్యానవనమున నిలిపి, అతని శవపేటికనుగూడ శ్మశానమునుండి తెచ్చి దానిక్రింద పాతిరి. 1955లో ఆడమ్స్ వీథిలో పెట్టిన పలక, అతని వ్యాపారము లతనిని ధనవంతుని జేసినవని మాత్రము చెప్పి యూరకుండెను. ఏ వ్యాపారములో చెప్పలేదు! మేము మొదట చెప్పిన యాత్రావ్యాసములు వ్రాయు పిల్లవాడు ఆ పలకను నకలు చేసికొని వచ్చినయెడల, ఫారెస్టు ధాన్యపు వర్తకుడో బట్టల వర్తకుడో యని మనమందరము తలచియుందుము. అబద్ధము చెప్పకయే అబద్ధమాడు విద్య యిది. 2018 ఏప్రిల్ 4వ తేదీన, ఆ చోట నిలచియున్న క్రైస్తవాలయమువారును, ఊరి కళాశాలవారును, జాతీయ ఉద్యానశాఖవారును కలిసి క్రొత్త పలక నిలిపి, అచ్చట జరిగినది మనుష్యుల వర్తకమని స్పష్టముగా వ్రాయించిరి.

విగ్రహముమాట వేరు. పలక సంగతి చెప్పును, విగ్రహము మ్రొక్కుమనును. ప్రభుత్వస్థలములలోని విగ్రహములను కదల్పరాదని ఆ రాష్ట్రమున శాసనముండుటచే, నగరమువారు 2017 డిసెంబరు 20వ తేదీన ఆ వనమునే యొక సంఘమునకు విక్రయించిరి. ఆ రాత్రియే విగ్రహము దిగెను. ఉపాయము కొంత గడుసుదే. శాసనమును చుట్టుదారిని దాటుట మంచి అలవాటు కాదని కొందరు పెద్దమనుష్యులు నొచ్చుకొనిరి. ఆ నొప్పిని మేము కాదనము. కాని తన తాతను వేలమువేసినవాని గుఱ్ఱముక్రిందుగా నడచి ప్రతిదినము పనికి పోవలసినవాని నొప్పి నూటపదిరెండేండ్లు ఎవరి లెక్కలోను లేకుండెనుగదా. విగ్రహము దించుటయే సరియని మా నిశ్చయము.

ఆ ఊరి ధనమంతయు ప్రత్తివలన వచ్చినది. ప్రత్తి దాసులవలన వచ్చినది. యూనియన్ వీథిలో ప్రత్తి వర్తకులు బేరములాడిన శాల నొకప్పుడు సభ్యులు తప్ప ఇతరులు చూడరాదు. 2006లో దానిని ప్రదర్శనశాలగా మార్చి తలుపులు తెరచిరి. మన తెలుగు రైతులకును ఆ కథతో కొంత చుట్టరికము కలదు. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో యుద్ధము జరిగి దక్షిణపు రేవులు మూతపడినప్పుడు, ఇంగ్లండులోని మిల్లులు మన దేశపు దూదికై ఎగబడెను, ధర మిన్నంటెను, యుద్ధము ముగియగానే పడిపోయెను. అచ్చటి దాసుని చెమటకును ఇచ్చటి రైతు అప్పునకును ఒకే దారము చుట్టుకొనియుండెనని ఆ శాలలో నిలిచినప్పుడు మాకు తోచినది.

ఊరి ఉత్తరభాగమున 1849 నాటి కొయ్యయిల్లొకటి యున్నది. జర్మనీనుండి వలసవచ్చిన జేకబ్ బర్కిల్ అనునతడు, పారిపోవు దాసులను తన నేలమాళిగలో దాచి నదివైపు పంపుచుండెనని అచ్చట చెప్పుదురు. వ్రాతమూలకమైన సాక్ష్యము చాలదని చరిత్రకారులలో కొందరు సందేహించిరి. అట్టి పని చేయువాడు దస్తావేజులు వ్రాసి పెట్టెలో దాచుకొనునా యని ఇల్లు చూపువారి జవాబు. ఇరుపక్షముల మాటలోను బలమున్నది. మేమిచ్చట తీర్పు చెప్పము. మనకు నచ్చిన కథనుగూడ ‘ఎట్లు తెలిసినది?’ అని అడుగ నేర్వనివాడు, నచ్చని పలకను ప్రశ్నించుటకు అర్హుడు కాడని మాత్రము పిల్లలకు చెప్పుదుము.

ఎల్మ్‌వుడ్ శ్మశానమునుగూర్చి చాల వ్రాయవచ్చును గాని తావు లేదు. 1878లో పచ్చజ్వరము వచ్చి ఆ ఊరిలో అయిదువేలమందికి పైగా చనిపోయిరి, కలవారు పారిపోయిరి, పేదలును, వారికి పరిచర్య చేయ నిలిచినవారును మిగిలిరి. కాన్‌స్టన్సు అను కన్యాస్త్రీయు ఆమెతోడివారు కొందరును రోగులను విడువక అచ్చటనే మరణించిరి. మరుసటియేట ఊరు తన నగరహోదానే కోల్పోయెను. జ్వరమునకు దోమ కారణమని రుజువగుటకు ఇంక ఇరువదిరెండేండ్లు పట్టినది.

టామ్ లీ ఉద్యానవనమునుండి తూర్పుగా గట్టెక్కి నడచిన, మైలులోపుననే లొరేన్ మోటెలు కలదు. ఈ రెంటి నడుమ కాలినడకన పోవలెనని మేము గట్టిగా చెప్పుదుము. బండిలో పోయినవారికి రెండును వేరు వేరు ‘చూడదగిన స్థలములు’గా కనబడును. నడచినవారికి ఒకటే కథయని తెలియును. టామ్ లీ చేసిన ఉద్యోగమే యీ కథకును మూలము.

1968 ఫిబ్రవరి 1వ తేదీన మెంఫిసున వాన కురియుచుండెను. చెత్తబండి ముందుభాగమున అందరికి చోటు చాలక, ఎకోల్ కోల్, రాబర్టు వాకర్ అను ఇరువురు పనివారు వెనుక చెత్త నొక్కు తొట్టిలో తలదాచుకొనిరి. యంత్రము దానంతటదే కదలి వారిని నలిపి చంపెను. అంతకు కొలదిదినములకు ముందే, వాన కారణముగా నల్లపనివారిని కూలి లేక ఇంటికి పంపి, తెల్లవారికి కూలి ఇచ్చిరను మనస్తాప ముండెను. పూర్తి పని చేసియు పలువురు ప్రభుత్వపు ధర్మసహాయముపై నాధారపడవలసి యుండెను. ఫిబ్రవరి 12న సుమారు 1,300 మంది పనికి పోక నిలిచిరి. ‘నేను మనిషిని’ అని వ్రాసిన అట్టలను మెడలలో వ్రేలాడదీసికొని వీథులలో నడచిరి. కూలి పెంచుమనియో, సంఘము నొప్పుకొనుమనియో వ్రాయవచ్చును. అవియు వారు కోరినవే. కాని అట్టమీద వ్రాసినది ఆ యొక్కమాట. 1954 నాటి రాతిని చదివి గట్టెక్కి వచ్చినవాని కీ మాట దానికి జవాబుగా వినబడును. యోగ్యుడనో అయోగ్యుడనో చెప్పుటకు నీవెవరు? నేను మనిషిని.

వారికి తోడుగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్ ఏప్రిల్ 3న మేసన్ ఆలయమున ఉపన్యసించెను. మరునాటి సాయంకాలము ఆరుగంటలు దాటిన నిమిషమునకు లొరేన్ మోటెలు మేడమీద 306వ గదిముందరి వసారాలో తుపాకిగుండు తగిలి పడిపోయెను. ఆ నెల 16న సమ్మె ఒడంబడికతో ముగిసెను. ఆ మోటెలు, నల్లవారికి తెల్లవారి హోటళ్లలో చోటు దొరకని దినములలో, వారికి అన్నము పెట్టి పక్క వేసిన స్థలము. 1991లో అది ప్రదర్శనశాల యయ్యెను. లోపల ఎన్నియో గదులు, ఎన్నియో చిత్రములు, ఎన్నియో గొంతులు ఉన్నవి. చివరకు ఆ గది కనబడును. మంచము, దుప్పటి, కాఫీగిన్నెలు. మాతో నడచుచున్నవారిలో నొక్కరును మాటాడలేదు.

అయితే ఆ యింటిని ప్రదర్శనశాల చేయుటకు 1988లో అచ్చట కాపురమున్నవారిని ఖాళీ చేయించిరి. కడపట వెళ్లగొట్టబడిన స్త్రీ యెదురుగ వీథిలో కూర్చుండి అనేక సంవత్సరములు నిరసన తెలిపెను. బీదలకొరకు ప్రాణము లిచ్చినవాని స్మారకమునకై బీదలను వెళ్లగొట్టుట యేమి న్యాయమని ఆమె ప్రశ్న. ఆ యింటిని బీదల నివాసముగనో వైద్యశాలగనో చేసియుండవలెనని ఆమె వాదము. మేము ప్రదర్శనశాల యుండవలసినదే యందుము. అది లేనియెడల అన్యదేశస్థులమైన మాకీ సంగతులలో సగము తెలిసియుండవు. కాని ఆమె ప్రశ్నకు మావద్ద సంతృప్తికరమైన జవాబు లేదు. లోపలి పలకలన్నిటిని చదివినవాడు వీథి దాటి యా ప్రశ్ననుగూడ చదువకున్న, అతని దర్శనము సగమే.

తల్లిదండ్రులలో కొందరు మమ్ము అడుగుదురు: పిల్లలను వేడుకకు తీసికొనిపోవుచు, హత్యలు జరిగిన గదులు, దాసులను అమ్మిన వీథులు చూపనేల? అదే ఊరిలో ఎల్విస్ ప్రెస్లీ యను గాయకుని భవనము లేదా? వేలకొలది జనులు దానికే పోవుదురు గదా? ఉన్నది, పోవుదురు, పోవుటలో దోషము లేదు, పాట మంచిదే. మాకు సమయము చాలలేదు. పిల్లలు భయపడుదురను మాటను మాత్రము మేము ఒప్పుకొనము. పిల్లలు అన్యాయమును చూచి భయపడుటకంటె, పెద్దలు దానిని దాచుచున్నారని తెలిసినప్పుడు ఎక్కువ భయపడుదురు. ఏడెనిమిదేండ్ల పిల్లలకు ఆ గది చూపుమని మేము చెప్పుట లేదు. కాని ఫారము పిల్లలు, చరిత్ర పాఠములో యుద్ధములన్నియు వల్లించువారు, చెత్తబండి కథ వినలేరా?

ఇది పరదేశపు గొడవ, మనకేల యనువారికి మరియొక సంగతి. ఆ కింగే 1959లో మన దేశమునకు వచ్చెను. తిరువనంతపురమున, అంటరానివారనబడిన కుటుంబముల పిల్లలు చదువుకొను పాఠశాలకు పోయినప్పుడు, ప్రధానోపాధ్యాయుడు తన్ను ‘అమెరికానుండి వచ్చిన మీవంటి అంటరానివాడు’ అని పిల్లలకు ఎరుకపరచెననియు, తాను మొదట చివుక్కుమని, పిదప అది నిజమని తెలిసికొంటిననియు 1965లో అతడే చెప్పెను. అతని ప్రాణము పోయినది చెత్త యెత్తువారి ప్రక్కన నిలిచినందున. ఉదయము గంట కొట్టకముందే మన పాఠశాల వాకిలి నూడ్చి పోవువారి పేర్లు మనలో నెందరికి తెలియునో, ఈ పత్రిక చేతబట్టుకొన్న ప్రతివారును ఒకమారు లెక్కించుకొనవచ్చును. లెక్కించుటకు ముందు మాకు తెలిసినవి రెండే.

సమ్మెవారు కూడుచుండిన క్లేబర్న్ ఆలయము 1949 వరకు తెల్లవారిది. తరువాత నల్లవారి సంఘము దానిని కొనెను. ఆ అట్టలు పంచబడినది అచ్చటనే. 2025 ఏప్రిల్ 28న అగ్ని తగిలి లోపలిభాగమంతయు నాశనమయ్యెను. దాని ప్రక్కనే 2018లో నిర్మించిన చావడిలో రాతిమీద సమ్మెవారి పేర్లు చెక్కియున్నవి. బిరుదములు లేవు, విశేషణములు లేవు. ఎవడు యోగ్యుడో ఎవడు మిక్కిలి యోగ్యుడో ఆ రాయి చెప్పదు. ఒక్కొక్క పేరును చదువుచు పోగా మాకు చాలసేపు పట్టినది. 1952లోనే మరణించిన టామ్ లీ యా సమ్మెలో లేడు.